పది గంటల మనిషి

లిఫ్టు మెకానిక్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా పరిశోధన కేంద్రానికి చేరాలి. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోతున్న అక్కడి లిఫ్టును పదకొండులోపు దారికి తేవాలి. పదకొండుకి సూపర్‌వైజరు స్వయంగా వచ్చేసరికి చేతులు తుడుచుకుంటూ నిలబడాలి. ఇంత చిన్న పథకానికి కూడా గండం ఇంటి గుమ్మంలోనే ఎదురైంది, తాళంకప్ప రూపంలో.

తాళం వేసి లాగి చూశాడు. మెట్లు దిగి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగాడు. వీధి మలుపు దాకా వెళ్ళి మూడోసారి వచ్చాడు. తన ఉద్యోగానికి బయల్దేరిన భార్య చేతిసంచీతో అక్కడే నిలబడి చూస్తోంది.

"అంతలా లాగితే అదే ఊడొస్తుంది. అప్పుడు నిజంగానే దొంగలు పడతారు," అంది.

నాలుగు నెలల కిందట అతనికి ఈ జబ్బు లేదు. అప్పుడు అతనూ అతని బావమరిదీ జోడీగా పనిచేసేవాళ్ళు. ఒకరోజు పని మధ్యలో, ఆగి ఉండాల్సిన లిఫ్టు జానెడు జారింది. కింద నిచ్చెన మీద ఉన్న బావమరిది పడ్డాడు, కాలు విరిగింది. విరిగిన కాలు అతుక్కుంది. ఇప్పుడతను కంపెనీ ఆఫీసులో కూర్చుని ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతూ బాగానే ఒళ్ళు చేశాడు. అతుక్కోనిది మెకానిక్ గుండె. అప్పటినుంచి ప్రతి స్విచ్చూ, ప్రతి బోల్టూ మూడుసార్లు చూడందే వదలడు. గంట పని రెండు గంటలవుతోంది. ఆలస్యానికి రెండు నోటీసులు అందాయి. మూడోది అందితే ఇంటికేనని సూపర్‌వైజరు ముందే చెప్పాడు. ఏ పనినైనా "గబగబా కానివ్వండి" అని తరమడం ఆయన అలవాటు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని గబగబయ్య అంటారు.

పరిశోధన కేంద్రం నాలుగంతస్తుల పాత భవనం. మెకానిక్ వెళ్ళగానే ముందు బోర్డు తగిలించబోయాడు. "లిఫ్టు పనిచేయుట లేదు" అన్న ఆ రేకు బోర్డు దారం తెగి ఉంది. మెషిన్ రూమ్ తాళంచెవి మూడో అంతస్తు ఆఫీసులో ఉందని వాచ్‌మన్ చెప్పాడు. చెవితోపాటు దారం కూడా అడిగి తెచ్చుకోవచ్చు అనుకుని, రెండు నిమిషాల్లో వస్తాననీ ఈలోపు ఎవర్నీ ఎక్కనివ్వొద్దనీ మూడుసార్లు చెప్పి, బోర్డు చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు.

మూడో అంతస్తులో వాళ్ళ కంగారు వాళ్ళకుంది. భయంతో నిద్రపట్టని వాళ్ళ కోసం తయారైన కొత్త మందును సోమవారం నుంచి పరీక్షించాలి. మందు పనిచేసిందో లేదో తెలియాలంటే, వేసుకోకముందు మనిషి తీరెలా ఉంది, వేసుకున్నాక ఎలా ఉంది అని కొలవాలి. మనసును కొలిచే టేపు ఏ కొట్లోనూ దొరకదు గనక, నలుగురు పరీక్షకులు ప్రశ్నలడిగి భయానికీ, కోపానికీ, నిద్రలేమికీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. ఒకే మనిషికి నలుగురూ ఒకేలా వేయాలి. లేకపోతే తగ్గింది రోగి భయమో, మార్కులు వేసినవాడి చిరాకో తేలదు. అందుకని వాళ్ళ పెద్ద డాక్టరమ్మ ఒక నాటక సంఘం నుంచి నటుణ్ణి పిలిపించింది. ఆయన పది గంటలకు వచ్చి రోగిగా నటిస్తాడు. ఆయన పాత్రకు పడాల్సిన సరైన మార్కులు సీలు వేసిన కవర్లో ఉన్నాయి. ఆయన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. పేరున్న నటుడని విని పరీక్షకులను ముందే హెచ్చరించింది. మధ్యలో తను రోగిని కాననీ, వేరే పనిమీద వచ్చాననీ కూడా అంటాడు, లొంగిపోవద్దు అని.

సరిగ్గా అప్పుడే చంకలో బోర్డుతో మెకానిక్ తలుపు తోశాడు.

"మీరే కదా పది గంటల మనిషి?" అంది కళ్ళజోడు పెట్టుకున్న పరీక్షకురాలు.

ఫిర్యాదు కాగితం మీద పదిలోపు రావాలని రాసి ఉంది గనక అతను అవునన్నాడు. ఆమె అతని ఖాకీ చొక్కానూ, గ్రీజు మరకనూ, పనిముట్ల సంచీనీ కిందినుంచి పైదాకా చూసి మురిసిపోయింది. "డ్రెస్సుతో సహా వచ్చేశారే," అంది. డ్రెస్సు లేకుండా ఎలా వస్తారో మెకానిక్‌కి అర్థం కాలేదు.

ఫోను బుట్టలో వేయమన్నారు, వేశాడు. కాగితం మీద సంతకం అడిగారు, పెట్టాడు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో పనికి దిగేముందు ఇవన్నీ మామూలే. కళ్ళు తిరుగుతాయా, మందు అలవాటుందా అని అడిగి గానీ లోపలికి వదలరు. ఇదీ అలాంటిదే కాబోలని బోర్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చప్పుడు రాకుండా దళసరి గుడ్డ అతికించిన తలుపు మూసేశారు.

ఇప్పుడు మనసులో ఏముందని అడిగింది డాక్టరమ్మ.

"బోర్డమ్మా. కింద ఇంకా తగిలించలేదు. దారం ఇస్తే వెళ్ళి తగిలించి వస్తా."

"తగిలించకపోతే ఏమవుతుందనిపిస్తోంది?"

"ఎవరో ఒకరు ఎక్కుతారు. మధ్యలో ఇరుక్కుంటారు."

నాలుగు కలాలు కదిలాయి. అతను లేచాడు, కూర్చోమన్నారు. మళ్ళీ లేచాడు. తను దీనికోసం రాలేదనీ, లిఫ్టు కోసం వచ్చాననీ చెప్పాడు. డాక్టరమ్మ నలుగురి వంకా చూసి, చెప్పానా లేదా అన్నట్టు కనుబొమ్మలెగరేసింది. మూడోసారి లేచినప్పుడు కళ్ళజోడు అమ్మాయి లెక్క కూడా రాసుకుంది.

ఆ తర్వాత డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు మాత్రం అతను లేవడం మరిచిపోయాడు.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

నాలుగు నెలలుగా అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. భార్యకు తెలుసు, అందుకని అడగదు. బావమరిది కాలి సంగతి ఎత్తితే నవ్వేసి మాట మార్చేస్తాడు. ఇక్కడ అయిదుగురు, పనులన్నీ మానుకుని, అతని జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

"వాడు పడినప్పుడు పెద్ద చప్పుడేం కాలేదమ్మా," అన్నాడు. "ఎండుపుల్ల విరిగినట్టు, అంతే. రోజూ రెండింటికి అదే వినపడి మెలకువొస్తుంది. ఆ రోజు స్విచ్చి ఒక్కసారే చూశా. రెండోసారి చూడబోతుంటే టైమైపోతోందన్నారు. చూసుంటే వాడి కాలు బాగుండేది."

కలాలు ఆగాయి. తర్వాత చాలాసేపు అడిగారు, అతను చాలాసేపు చెప్పాడు. బరువు సంచీ భుజం మార్చుకున్నట్టు ఎక్కడో కాస్త తేలికైంది. ఇంతలో అతని చెవి నిక్కపొడుచుకుంది. దూరంగా లిఫ్టు ప్రమాద గంట మోగుతోంది. పదిహేనేళ్ళుగా ఆ మోతతోనే బతికిన చెవి అది. మీకు వినపడిందా అని అడిగాడు. ఎవరికీ వినపడలేదు. "లేని శబ్దాలు వినబడుతున్నాయి" అని ఒక పరీక్షకుడు రాసుకుని కింద గీత గీశాడు.

గంట నిజంగానే మోగింది. పది గంటలకు నటుడు వచ్చాడు. మెకానిక్ పైకి వెళ్ళి ఇరవై నిమిషాలైంది, బాగుపడే ఉంటుందని వాచ్‌మన్ ఆయన్ని మర్యాదగా లిఫ్టెక్కించాడు. రెండో అంతస్తు దాటగానే లిఫ్టు ఆగింది. వాచ్‌మన్ పరుగెత్తి తలుపు దగ్గర చెవి పెట్టి ఎవరని అడిగాడు.

"మూడో అంతస్తుకి పేషెంటుగా వచ్చానయ్యా. నిజం పేషెంటుని కాదు, నటిస్తున్నాను."

"అలాగేనండీ. మొదట్లో అందరూ అలాగే అంటారు," అని వాచ్‌మన్ ఊరడించి, లిఫ్టు కంపెనీకి ఫోన్ చేశాడు. ఎత్తింది బావమరిది. తన బావ అక్కడే ఉన్నాడనీ, ఒక్కో బోల్టు మూడేసి సార్లు చూస్తాడు గనక ఆలస్యమైనా పని గట్టిగా ఉంటుందనీ, పైన మెషిన్ రూమ్ దగ్గర చూడమనీ చెప్పాడు. వాచ్‌మన్ నాలుగంతస్తులూ ఎక్కి, తాళం వేసిన మెషిన్ రూమ్ ముందు మెకానిక్ కోసం నమ్మకంగా కాపలా కూర్చున్నాడు.

మూడో అంతస్తులో మార్కుల కాగితాలు బల్ల మీదికి వచ్చాయి. భయం నాలుగు, నిద్రలేమి నాలుగు, కోపం సున్నా. నలుగురివీ అచ్చుగుద్దినట్టు ఒకటే. మెకానిక్‌ని మూలనున్న కుర్చీలో కాసేపు కూర్చోమని, డాక్టరమ్మ సంబరంగా సీలు విప్పింది. కవర్లో కోపం నాలుగు, భయం సున్నా, నిద్రలేమి ఒకటి. ఆమె ముఖం వాడిపోయింది. నలుగురూ కూడబలుక్కున్నట్టు ఒకేలా తప్పారు. ఆరు వారాల శిక్షణ బూడిదలో పోసిన పన్నీరైంది.

అప్పుడే తలుపు భళ్ళున తెరుచుకుంది. సూపర్‌వైజరు. పదకొండుకి వచ్చాడు, కింద బోర్డు లేదు, వాచ్‌మన్ లేడు, మీట నొక్కితే లిఫ్టు రాలేదు. రెండో అంతస్తు దగ్గర ఎవరో గొంతు చించుకుని తిడుతుంటే ఏదో ఆఫీసు గొడవ అనుకుని దాటి వచ్చాడు. అక్కడ నటుడు తన కోపిష్ఠి పాత్ర మాటలు వల్లె వేసుకుంటున్నాడని ఆయనకేం తెలుసు? ఆయన చేతిలో కవరుంది. అది మూడో నోటీసని మూల కుర్చీలోంచే పోల్చుకున్న మెకానిక్, బోర్డు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పదకొండంటే పదకొండే," అన్నాడు సూపర్‌వైజరు రొప్పుతూ. "ఒక్కడికీ బాధ్యత లేదు."

కళ్ళజోడు అమ్మాయి కవర్లోని మార్కులు చూసింది, ఆయన ముఖం చూసింది. ఆమె బుర్రలో వెయ్యి దీపాలు వెలిగాయి. కుర్చీ లాగి, మంచినీళ్ళిచ్చి, గంట ఆలస్యమైనా ఫరవాలేదని చెప్పి, ఈ కోపం ఎప్పటినుంచని అడిగింది. మరి ఇందాకటి మనిషెవరన్న అనుమానం వచ్చింది డాక్టరమ్మకొక్కతెకే. ఆమె మెల్లగా మూలకు తిరిగి, గంటన్నరగా తన ఎదురుగానే ఉన్న బోర్డును మొదటిసారి చదివింది.

సూపర్‌వైజరు నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఆయన్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చి మాట అడిగి ఎన్నాళ్ళైందో గానీ, గ్లాసు దించేసరికి గొంతు మారిపోయింది.

"నాలుగు నెలల నుంచమ్మా. మా వాళ్ళు ఇంకోసారి చూస్తామన్నారు. గబగబా కానివ్వమన్నది నేను. కుర్రాడి కాలు విరిగింది. అప్పట్నుంచి వాళ్ళ బావ ప్రతీదీ మూడుసార్లు చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అతను చూసిన ప్రతిసారీ నాకు ఆ రోజే కనపడుతుంది."

"ఆ మాట ఆయనకు చెప్పారా?"

"చెప్పలేక నోటీసులిస్తున్నా."

మూలలో రేకు బోర్డు కిందపడి ఠంగున మోగింది. సూపర్‌వైజరు తల తిప్పాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఎవరు ముందు మాట్లాడేవారో గానీ, గుమ్మంలో వాచ్‌మన్ తల కనిపించింది.

"అమ్మా, లిఫ్టులో మీ పేషెంటొకాయన ఇరుక్కుని గంట దాటింది. నటించడానికి వచ్చానంటున్నాడు. ఇందాకటి దాకా తిట్టాడు, ఇప్పుడు పాటలు పాడుతున్నాడు."

మెకానిక్ అప్పటికే కళ్ళజోడు అమ్మాయి లాగిన సొరుగులోంచి మెషిన్ రూమ్ తాళంచెవి అందుకున్నాడు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. వెనకాలే సూపర్‌వైజరు. మెయిన్ స్విచ్చి ఆపి, ఒకరు బ్రేకు వదిలించి పట్టుకుంటే ఇంకొకరు చక్రం చేత్తో తిప్పి లిఫ్టును అంతస్తుకు తేవాలి. అది ఇద్దరి పని. మెకానిక్ స్విచ్చి ఆపాడు, చూశాడు. రెండోసారి చూడాలా వద్దా అన్నట్టు చెయ్యి గాలిలో ఆగింది. సూపర్‌వైజరు బ్రేకు పట్టుకున్నాడు.

"చూసుకో," అన్నాడు. "తొందరేం లేదు."

ఆ నోట ఆ మాట కంపెనీలో ఎవరూ విని ఉండరు. మెకానిక్ రెండోసారి చూశాడు. మూడోసారి అక్కర్లేదనిపించింది. చక్రం మీద చెయ్యి వేసి తిప్పాడు.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే నటుడు మెకానిక్‌ని కౌగిలించుకున్నాడు, తర్వాత సూపర్‌వైజర్ని, చివరికి వాచ్‌మన్‌ని కూడా. డాక్టరమ్మ వచ్చి చేతులు జోడించింది. అతను సంతకం పెట్టిన కాగితాన్నీ, మార్కుల కాగితాల్నీ అతని చేతికే ఇచ్చేసి, ఇవి అతనివనీ, చింపేసినా తప్పులేదనీ, అడగకుండా మనసు తవ్వినందుకు క్షమించమనీ అంది.

"క్షమించడమేంటమ్మా," అన్నాడు మెకానిక్. "నాలుగు నెలల తర్వాత ఇవాళ్టికి అడిగారు. మీ రుణం ఉంచుకోను, మీ లిఫ్టు ఇక ఆగదు."

మందు సంగతి తర్వాత, ముందు మాట్లాడుకోవడానికి గురువారం పది గంటలకు రండి, మీరిద్దరూ అందామె. రాసుకోవడానికి కాగితం కోసం సూపర్‌వైజరు జేబులన్నీ తడుముకున్నాడు. చేతిలో మూడో నోటీసు తప్ప ఇంకేమీ దొరకలేదు. దాన్ని తిరగేసి, వెనకవైపు "గురువారం, 10 గం." అని రాసి, మడిచి మెకానిక్ జేబులో పెట్టాడు. పోగొట్టకు, నాకూ అదే గుర్తు అన్నాడు.

మర్నాడు ఉదయం మెకానిక్ తాళం రెండేసార్లు లాగాడు. భార్య మలుపు దాకా నడిచి, అతను మూడోసారి వెనక్కి వెళ్తాడని కాసేపు ఆగింది. అతను వెళ్ళలేదు, ఆమె పక్కనే ఉన్నాడు. ఆమె అతని సంచీ అందుకుని రెండడుగులు మోసింది.

గురువారం పది గంటలకు ఇద్దరూ లిఫ్టులోనే మూడో అంతస్తుకి వెళ్ళారు. పరీక్ష ఏమైందని అడిగితే కళ్ళజోడు అమ్మాయి నవ్వింది. ఆ లిఫ్టు గొడవ రోజు మధ్యాహ్నమే నటుణ్ణి కూర్చోబెట్టి అడిగారట. ఆయనకు ముఖంలో నవ్వు ఆగితేనా? పుట్టి బుద్ధెరిగాక ఇంత మంచి మనుషుల్ని చూడలేదని వాచ్‌మన్‌తో సహా అందర్నీ పొగిడాడట. కవర్లో నాలుగున్న కోపానికి నలుగురూ సున్నా వేశారు.

ఏకాభిప్రాయం మాత్రం నూటికి నూరు.