ఎర్తింగు గుంతకు ఆరు బిందెలు

సిమ్రాన్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకు చేరాలి. పదిలోపల రెండు వరుసల కోడు సరిచేయాలి. తర్వాత అమ్మ కట్టిచ్చిన బొరుగుల ఉగ్గానిని తొందర లేకుండా తినాలి. పదకొండింటికి కుందుర్పి నుంచి మారెక్క వస్తుంది. ఆమె ముందు పేజీ తెరిచి, ఒకే ఒక్క బటన్ నొక్కి చూపించాలి. ఇంతకంటే ఏమీ లేదు.

మారెక్క పాతికమంది ఆడవాళ్లను కూడగట్టుకుని వేరుశనగ గానుగ నడుపుతోంది. ఆ నూనెకు ఇంటర్నెట్‌లో ఆర్డర్లు తీసుకునే పేజీ కావాలని కళ్యాణదుర్గంలోని శివప్ప ఆఫీసుకు వచ్చింది. ఆఫీసంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. విత్తనాల అంగడి వెనక కిటికీ లేని ఒక గది, అందులో ఒక ఫ్యాను, రెండు కుర్చీలు. యజమాని శివప్ప, ఆరు నెలల ప్రొబేషన్ మీద చేరిన సిమ్రాన్, కొత్తచెరువులో ఇంటి నుంచే పనిచేసే జోయల్, వీళ్లు ముగ్గురే మొత్తం సిబ్బంది.

సిమ్రాన్ ప్రొబేషన్ ఆ రోజుతో ముగుస్తుంది. "మారెక్క సరే అంటే నీ ఉద్యోగం ఖాయమ్మా. కాదంటే మాత్రం నన్నేమీ అనొద్దు" అని శివప్ప వారం ముందే చెప్పి చేతులు కడుక్కున్నాడు. ఇంట్లో తల్లి మదీనాబీ మాట ఇంకా సూటిగా ఉంది. "ఈడ ఖాయం కాకుంటే బెంగళూరుకు మీ మామూ ఇంటికి పంపిస్తా. ఆడ సెల్‌ఫోన్ల అంగట్లో పనుండాదంట" అంది ఉగ్గాని డబ్బాకు మూత పెడుతూ. ఊరుగాని ఊర్లో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతూ బతకాలన్న ఆలోచనకే సిమ్రాన్‌కు ఏడుపొచ్చేది. ఆమెకు కోడు రాయడమంటే ప్రాణం. తను రాసింది పనిచేస్తే ఆ పూట అన్నం కూడా అడిగేది కాదు.

తొమ్మిదీ అయిదుకు ఆమె ఎడిటర్ తెరిచింది. ఎడిటర్ అంటే కోడు రాసుకునే సాఫ్ట్‌వేరు. చీకటి గదిలో కళ్లకు హాయిగా ఉండాలని ఆమె దాన్ని నల్లగా, చిన్న అక్షరాలతో పెట్టుకుంది. ఆ రోజు మాత్రం తెర తెల్లగా భగ్గుమంది. అక్షరాలు గోడ మీద ఎన్నికల రాతలంత ఉన్నాయి. తెర మొత్తానికి నాలుగు వరుసలే పట్టాయి.

"ఏందిది?" అనుకుంటూ సెట్టింగుల్లోకి వెళ్లి మళ్లీ నల్లగా మార్చింది. అక్షరాలు తగ్గించింది. ఒక వరుసను కాస్త లోపలికి జరపడానికి ట్యాబ్ మీట నొక్కింది. వరుస జరగలేదు సరికదా, మధ్యకు తెగి సగం కింద పడింది. ఇంకోసారి నొక్కింది. మిగిలిన ముక్క కూడా తెగింది. ట్యాబ్ నొక్కితే ఎంటర్ నొక్కినట్లు కిందికి దూకుతోందని అర్థమయ్యేసరికి తెర మళ్లీ తెల్లబడింది.

అదే సమయానికి జోయల్ ఫోన్ చేశాడు.

"సిమ్రాన్, నా ఎడిటర్‌కు ఏమో అయినాది. దానంతట అదే నల్లగా అయిపోతాండాది. అక్షరాలు చీమలంతైనాయి. నేను సిగ్నల్ కోసం వరండాలో కూర్చోనుండా కదా, ఈ ఎండకు తెరలో నా మొగమే కనపడతాండాది గానీ కోడు కనపడ్డంల్యా."

"నాది తెల్లగా అయిపోతాండాది జోయలన్నా! నాలుగు వరుసలకు మించి పట్టడంల్యా."

జోయల్ కాసేపు ఆలోచించాడు. అతనికి పదేళ్ల అనుభవం ఉంది.

"నీది తెల్లగా, నాది నల్లగా. అంటే ఇది మామూలు వైరస్ కాదు. ఎవరికి ఏది పడదో చూసి అదే చేస్తాండాది."

"మరి ఏం చేద్దామన్నా? పదకొండింటికి మారెక్క వస్తాది."

"భయపడాకు. అది మార్చినప్పుడల్లా నువ్వు నీకు కావాల్సినట్ల మార్చుకో. నేనూ మార్చుకుంటా. ఇద్దరం పట్టు విడవకుంటే అదే అలిసిపోతాది."

ఈ సలహాను ఇద్దరూ ఎంతో నిజాయితీగా పాటించారు. సిమ్రాన్ నల్లగా మార్చేది, రెండు నిమిషాలు గడిచేలోపు తెల్లబడేది. ఆమె పళ్లు కొరుక్కుని మళ్లీ మార్చేది. వైరస్‌ను పుట్టించినవాడి చేతులు పడిపోవాలని శపించింది. కొత్తచెరువులో జోయల్ కూడా అప్పుడే అదే శాపం పెట్టాడని తర్వాత తెలిసింది. రెండు వరుసలు సరిచేయాల్సిన పేజీలో తొమ్మిదిన్నరకల్లా పదకొండు వరుసలు తెగాయి. పేజీ తెరిస్తే ఒట్టి ఖాళీ వచ్చింది. నిన్నటిదాకా కనిపించిన నూనె డబ్బా బొమ్మ కూడా లేదు.

అప్పుడు శివప్ప లోపలికి వచ్చాడు. తెర తెల్లబడటం, నల్లబడటం రెండుసార్లు చూసి తల పంకించాడు.

"ఇది కంప్యూటర్ రోగం కాదమ్మా. కరెంటు రోగం. ఓల్టేజి ఎక్కువైతే తెల్లగా, తక్కువైతే నల్లగా. ఉండు, గఫూర్‌ను పిలుస్తా."

"కరెంటుకు అక్షరాలు పెద్దవి అవుతాయా అన్నా?"

"బల్బు పెద్దగా వెలగల్యా? అట్లే ఇది."

అబ్దుల్ గఫూర్ కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టి వైండింగు చేస్తాడు. తీరికున్నప్పుడు మిక్సీలు కూడా చూస్తాడు. కంప్యూటర్ వైపు ఒక్కసారైనా చూడకుండా టెస్టర్ తీసుకుని గోడల వెంబడి తిరిగి, పెరట్లోకి వెళ్లి నేల తట్టాడు. ఆ ప్రాంతంలో ఎండాకాలం వస్తే ఎర్తింగు తీగ పాతిన గుంత ఎండిపోవడం, కరెంటు సామాన్లు గోల చేయడం, ఎవరో ఒకరు ఆ గుంతలో బిందెడు నీళ్లు పోయడం మామూలే. గఫూర్ కూడా ఆ నిర్ణయానికే వచ్చాడు.

"ఎర్తు చచ్చిపోయింది శివప్పా. నేల పేలాలు వేయించే పెనం మాదిరి ఉండాది. ఒక బిందె పోయించు, అంతా నెమ్మదిస్తాది."

"చాచా, ఈడ చెడింది మోటార్ కాదు, నా ట్యాబ్ మీట..." అని సిమ్రాన్ ఏదో చెప్పబోయింది.

"మీటైనా మోటారైనా అన్నిటికీ ఒకే ఎర్తు బేటీ."

శివప్ప డ్రమ్ములోంచి బిందెడు నీళ్లు ముంచి గుంతలో పోశాడు. సిమ్రాన్ ఆశ చావక తెరను మళ్లీ నల్లగా మార్చింది. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. అయిదు గడిచాయి. తెర నల్లగానే ఉంది! నిజానికి అప్పుడు కొత్తచెరువులో జోయల్ విసుగెత్తి దోసెలు తినడానికి లోపలికి పోయాడు. ఆ సంగతి ఇక్కడ ఎవరికి తెలుసు? గఫూర్ మీసం దువ్వుకున్నాడు. శివప్ప అతనికి టీ తెప్పించాడు. సిమ్రాన్‌కు కూడా ఒక క్షణం తన చదువు మీద నమ్మకం సడలింది.

జోయల్ నాలుగు దోసెలు తిని చేయి కడుక్కుని వరండాలోకి వచ్చాడు. తెర తెల్లబడింది.

"తాగేసిందప్పా!" అన్నాడు గఫూర్. "ఎండాకాలం భూమి, ఒక బిందె యాడ చాలుతాది? ఇంకోటి పోయండి."

రెండో బిందె పోశారు. తెర నల్లబడి, మళ్లీ తెల్లబడింది. మూడోది పోశారు. ఈ లోపల సిమ్రాన్ తెగించి ఎడిటర్‌ను మొత్తంగా తీసేసి కొత్తగా ఎక్కించింది. ముందురోజు శివప్ప గోడకు అంటించిన కాగితం చూసి అతని ఎకౌంటు, పాస్‌వర్డు కొట్టింది. కొత్త ఎడిటర్ పుట్టుకతోనే తెల్లగా, లావు అక్షరాలతో లేచి నిలబడింది.

"చూసినావా? కొత్తదానికీ అదే రోగం" అన్నాడు గఫూర్ గంభీరంగా. "తప్పు దానిది కాదు, భూమిది."

నాలుగో బిందెకు డ్రమ్ము ఖాళీ అయింది. అయిదోది విత్తనాల అంగడి నుంచి అడిగి తెచ్చారు. ఆరోది పోసేటప్పటికి గుంత నిండి, నీళ్లు గోడ పక్కగా పారి వీధిలోకి వచ్చాయి. ఆ వీధికి ఆ రోజు కొళాయి వంతు లేదు. వంతు లేని రోజున వీధిలో నీళ్లు పారితే జనం ఊరుకుంటారా? మొదట నాగలక్ష్మమ్మ బిందెతో వచ్చింది. ఆమెను చూసి ఇంకో నలుగురు వచ్చారు. శివప్ప ఆఫీసులో బోరు పడిందని, అయిదంగుళాల నీళ్లని, కంప్యూటర్‌తోనే భూమిలో జల చూశారని వీధి చివరకు చేరేసరికి మాట ముదిరింది. పది బిందెలు వరుసలో పెట్టి ఆడవాళ్లు కాచుకుని నిలబడ్డారు.

పదిన్నరకు ఆ బిందెల మధ్య నుంచి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మారెక్క లోపలికి వచ్చింది. ఆమెకు ఎవరిదో జీపు దొరికి అరగంట ముందే వచ్చేసింది.

"ఏమప్పా శివప్పా, బోరు వేయిస్తివా? చెప్పనేల్యా?"

"బోరు కాదక్కా, ఎర్తింగు."

"ఎర్తింగుకు ఇన్ని నీళ్లా? మా గానుగలో అంత మంది ఆడోళ్లం రోజంతా ఇన్ని తాగం." ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "సరే, నా పేజీ చూపీ పాపా."

సిమ్రాన్ ఖాళీ పేజీ తెరిచి చూపించింది. అబద్ధం చెప్పాలన్నా ఏ అబద్ధమూ తోచలేదు.

"అక్కా, నిన్న పనిచేసింది. ఈ పొద్దు ఎడిటర్ నా మాట వినడంల్యా. నేను ఒకటి చేస్తే అది ఇంకోటి చేస్తాండాది" అంటుండగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

శివప్ప వెంటనే ముందుకు వచ్చాడు. "కొత్త పిల్ల అక్కా, చేతకాల్యా. రెండు దినాలు టైమియ్యి. రేపట్నుంచి వేరేవాళ్లను పెట్టి చేయిస్తా."

ఆ మాటకు సిమ్రాన్‌కు బెంగళూరు, మామూ ఇల్లు, రంగురంగుల సెల్‌ఫోన్ కవర్లు వరుసగా కళ్ల ముందు కదిలాయి. ఆమె మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

పేజీ పక్కన నల్లగా ఉన్న ఎడిటర్ అప్పుడు దానంతట అదే తెల్లబడింది.

మారెక్క ఆ తెరను, ఒళ్లో ఉన్న సిమ్రాన్ చేతులను మార్చి మార్చి చూసింది. "ఉండప్పా శివప్పా. ఈ పాప చేతులు ఈడుండాయి. మరి నొక్కింది ఎవరు?"

గఫూర్ ఏడో బిందె సంగతి ఎత్తబోయి మానుకున్నాడు.

"మా చేనుకాడ బోరు మోటార్‌కు ఫోన్ స్టార్టర్ ఉండాది" అంది మారెక్క. "ఫోన్ కొడితే మోటార్ ఆడతాది, ఇంకోతూరి కొడితే నిలిచిపోతాది. ఆ నంబరు మా ఆయన దగ్గర ఒకటి, మా మరిది దగ్గర ఒకటి. చేన్లో మా ఆయన ఆన్ చేసేది, ఊర్లో మా మరిది ‘ఎవడ్రా ఆన్ చేసింది’ అని ఆఫ్ చేసేది. ఇద్దరూ కలిసి మోటార్ పోయిందని మూడు దినాలు మెకానిక్‌ను తిప్పినారు. చెట్లు వాడిపోయినాక నాకు తెలిసి, ఆ నంబరు ఇద్దరి దగ్గరా పీకేసి నేను పెట్టుకున్నా." ఆమె తెర వైపు వేలు చూపింది. "దీని పాస్‌వర్డు ఎంతమంది దగ్గరుండాది?"

అందరూ గోడ మీది కాగితం వైపు చూశారు. తర్వాత శివప్ప వైపు చూశారు.

"నిన్న సాయంత్రం నేనే నా పేరు మీద ఎకౌంటు తెరిచి ఈడ పెట్టినా, జోయల్‌కూ ఫోన్లో చెప్పి పెట్టించినా" అన్నాడు శివప్ప గొంతు తగ్గించి. "‘నీ సెట్టింగులు అన్ని కంప్యూటర్లకూ పంపమంటావా’ అని అడిగింది. ఊరికే పంపుతానంటే వద్దంటామా? నొక్కేసినా."

సిమ్రాన్ కుర్చీలోంచి ఎగిరి లేచి జోయల్‌కు ఫోన్ కొట్టింది. "జోయలన్నా, చేతులు తీయ్!"

"యాడ్నుంచి?"

"కీబోర్డ్ మీద నుంచి! నువ్వు తెల్లగా చేస్తే నాది తెల్లబడతాంది, నేను నల్లగా చేస్తే నీది నల్లబడతాంది. పొద్దట్నుంచి నువ్వూ నేనే కొట్టుకుంటాండాం. ట్యాబ్‌ను ఏం చేసినావు?"

"మా పాప నిన్న ఎంటర్ మీట పీకి యాడనో పారేసింది. అందుకే ట్యాబ్‌కు ఆ పని అప్పజెప్పినా." అప్పటికి జోయల్‌కూ సంగతి అర్థమైంది. "అంటే నేను శపించింది నిన్నా?"

"నేనూ నిన్నే శపించినాలే అన్నా. చేతులు బాగుండాయా?"

"బాగుండాయి."

"అయితే ఒళ్లో పెట్టుకో."

సిమ్రాన్ సెట్టింగులు పంచే ఏర్పాటును ఆపేసింది. ట్యాబ్‌ను మళ్లీ ట్యాబ్ చేసింది. తెగిన వరుసలను ఒక్కొక్కటీ అతికించింది. వెనక మారెక్క, శివప్ప, గఫూర్, తలుపు దగ్గర బిందెతో నాగలక్ష్మమ్మ తొంగి చూస్తూ నిలబడ్డారు. పదిహేను నిమిషాలకు పేజీ తెరుచుకుంది. నూనె డబ్బా బొమ్మ వచ్చింది. సిమ్రాన్ లోపల్లోపల బిస్మిల్లా అనుకుని, రెండు లీటర్లు అని కొట్టి ఆర్డర్ బటన్ నొక్కింది.

మారెక్క నడుముకు దోపుకున్న సంచిలో ఫోన్ టింగుమంది. ఆమె ఫోన్ తీసి, చేయి చాచి దూరంగా పట్టుకుని చదివింది. మళ్లీ చదివింది. మొహం విప్పారింది.

"వచ్చిందప్పా! కళ్యాణదుర్గం నుంచి రెండు లీటర్లు!" అని గది దద్దరిల్లేలా అరిచి, సిమ్రాన్ భుజం మీద ఒకటి చరిచింది. ఆ దెబ్బ కూడా సిమ్రాన్‌కు తియ్యగానే ఉంది. తర్వాత మారెక్క శివప్ప వైపు తిరిగింది. "పని నాకు నచ్చింది. ఒకటే మాట. దీని పాస్‌వర్డు ఈ పాప దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. నీ దగ్గర కూడా. ఈ పాప ఈడుంటేనే నేనూ ఈడుంటా."

శివప్ప గోడ మీది కాగితాన్ని తానే చింపి జేబులో వేసుకున్నాడు. మారెక్క చేయి చాచితే తీసి ఆమె చేతిలో పెట్టాడు, ఆమె దాన్ని సిమ్రాన్‌కు అందించింది.

గఫూర్ టెస్టర్ జేబులో దోపుకుంటూ, "ఏమైనా ఎర్తు మాత్రం ఇప్పుడు బ్రహ్మాండంగా ఉండాది" అన్నాడు. ఆ మాటను ఎవరూ కాదనలేదు. తలుపు దగ్గర నాగలక్ష్మమ్మ మాత్రం మోటార్ ఎప్పుడు వేస్తారని అడిగింది.

సిమ్రాన్ ఉద్యోగం ఖాయమైనట్లు శివప్ప ఆ మధ్యాహ్నమే కాగితం రాసిచ్చాడు. దాన్ని టైపు చేసింది, అచ్చు తీసింది, సంతకం ఎక్కడ పెట్టాలో అతనికి చూపించింది సిమ్రానే.