మా ఇంటి ఐసీయూకి లైసెన్సు అక్కర్లేదు

పెళ్లయిన ప్రతి మగవాడికీ నర్సు భార్యగా దొరకాలి. ఆ నర్సుకి లైసెన్సు మాత్రం దొరక్కూడదు!

కోపం తెచ్చుకోకండి, అనుభవం మీద చెబుతున్నాను. మా ఆవిడ మా దేశంలో పదకొండేళ్లు ఐసీయూలో పనిచేసింది. పోయారనుకున్నవాళ్లని చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చిన మనిషి. నా దగ్గర ఉండడానికి ఈ దేశం వచ్చి మూడేళ్లు దాటింది. ఇక్కడి నర్సింగ్ బోర్డు ఆవిణ్ణి ఇంతవరకూ ఏ ఆసుపత్రి మెట్లూ ఎక్కనివ్వలేదు. దాంతో ఆ పదకొండేళ్ల విద్యా నా ఒక్కడి మీదే ప్రయోగిస్తోంది. ఏ మహారాజుకి దక్కిందండీ ఇంత వైభోగం?

పొద్దున్నే పళ్లు తోముకోకముందే బీపీ చూస్తుంది. మంచం మీద దుప్పటి ఎంత బిగువుగా పరుస్తుందంటే, నేను అందులోకి పక్కవాటుగా దూరాలి. దూరాక బోర్లా తిరగడం కుదరదు. మా గదిలో ఒక కుండీ మొక్క ఉంది, దానికి కేస్ షీటు ఉంది. ఎన్ని నీళ్లు పోశారు, ఎన్ని కింది పళ్లెంలోకి దిగాయి, అన్నీ రాసి ఉంటాయి. ఫ్రిజ్ తలుపు మీద ఇంకో కాగితం: 'పాలు: మొన్న తెరిచారు. పరిస్థితి నిలకడగా ఉంది. పెరుగు: ఆశ లేదు. బంధువులకి చెప్పవలెను.'

ఇక్కడ బంధువులంటే నేనే!

ఒక్క ఇబ్బంది ఉందని ఒప్పుకుంటాను. ఈ ఇంట్లో దొంగ జ్వరం చెల్లదు. ఆఫీసుకి ఎగనామం పెడదామని మూలిగితే, మా ఆవిడ గుమ్మంలోంచే ఒక్క చూపు చూసి, "లేవండి, టిఫిన్ చల్లారిపోతోంది" అంటుంది.

పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటుంది. ఆవిడ కాలి మీద మానని పుండు. లైసెన్సు లేకుండా ముట్టుకుంటే కేసవుతుందని మా ఆవిడకి భయం. అందుకని చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని వంగి, "నేను నర్సుగా చూడట్లేదమ్మా, కింది ఇంటావిడగా చూస్తున్నా. కింది ఇంటావిడగానే చెబుతున్నా, రేపే డాక్టర్ దగ్గరికి వెళ్లండి" అంది. ఆవిడ వెళ్లింది. ఇంకొక వారం ఆలస్యమైతే పాదం తీసేయాల్సొచ్చేదన్నాడట డాక్టరు. చూశారా! చేతులు కట్టేసుకుని కూడా పని జరిగిపోతుంటే ఇంక లైసెన్సెందుకు?

అసలు బోర్డువారి జాగ్రత్తని మనం మెచ్చుకోవాలి. నా సంగతే తీసుకోండి. నేను లిఫ్టు మెకానిక్కుని. ఈ దేశంలో దిగిన మూడో రోజు నన్నొక గదిలో కూర్చోబెట్టి, అరగంట పరీక్ష పెట్టి, చేతికి కార్డిచ్చేశారు. ఆ సాయంత్రమే పంతొమ్మిది అంతస్తుల భవనాన్ని నాకు అప్పగించారు. రోజుకి వెయ్యిమంది నేను బిగించిన తీగకి వేలాడుతూ పైకీ కిందికీ తిరుగుతున్నారు. ఆ తర్వాత నన్నెవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. కానీ ఒక మనిషికి థర్మామీటరు పెట్టడమంటే మాటలా?

అందుకే బోర్డువారు ముందు మా ఆవిడ ఎవరో తేల్చుకోదలిచారు. నర్సింగ్ సర్టిఫికెట్టులో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో మా ఇంటిపేరు. ఈ ఇద్దరు స్త్రీలూ ఒకరేనా అని అడిగారు. నేను వకీలు ముందు నిలబడి ప్రమాణం చేశాను. ఫొటో పాతదైపోయిందని మళ్లీ చేశాను. ముద్ర సరిగా పడలేదని ముచ్చటగా మూడోసారి కూడా చేశాను. పెళ్లిలో కూడా నేనిన్ని ప్రమాణాలు చేయలేదు.

తర్వాత భాషా పరీక్ష. మా ఆవిడ మొదటిసారే గట్టెక్కింది. ఆ మార్కులు రెండేళ్లే చెల్లుతాయట. రెండేళ్లు దాటితే మనిషి భాష మర్చిపోతాడని బోర్డువారి నమ్మకం. మాట్లాడకుండా ఇంట్లో కూర్చోబెడితే మర్చిపోడూ మరి!

ఇక సీలు కవరు కథ. ఇక్కడ నేనొక నిజం చెప్పాలి. కొంపముంచింది బోర్డు కాదు, నేనే.

నియమం ఏమిటంటే, మా ఆవిడ చదువుకున్న నర్సింగ్ స్కూలు వాళ్లు ఒక ఫారం నింపి, మార్కుల జాబితాలు జతచేసి, కవరు అతికించి, అతుకు మీద ముద్ర వేసి, తిన్నగా బోర్డుకే పంపాలి. మధ్యలో మా చెయ్యి తగలకూడదు. ఆ స్కూలు గుమాస్తాగారు బంగారంలాంటి మనిషి. ప్రిన్సిపాల్ గది బయట పదిరోజులు పడిగాపులు కాసి సంతకాలు పెట్టించాడు. పెట్టించి, కవరు మా ఇంటికి పంపాడు!

మా ఆవిడ ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "అంత విలువైన కాగితాలు ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఎలా పంపిస్తానమ్మా? పోతే ఎవరిది పూచీ? నీ చేతికే చేరాలని నీ పేరునే పంపాను."

ఇంత ప్రేమని ఎవరు కాదంటారు? అప్పటికైనా మించిపోయింది లేదు. తిరిగి ఆయనకే పంపితే సరిపోయేది. కానీ ఆవిడ ఆ ఫోన్ చేసేసరికే నేను కవరు చింపేశాను. మా ఆవిడ ఆ పూట భాషా పరీక్ష రెండోసారి రాయడానికి వెళ్లింది. ఆవిడ వచ్చేలోగా ఒక మంచి పని చేసిపెడదామని నా ఉబలాటం. కవరు చింపి, ఒక్కొక్క కాగితమూ చదివి, ఆ మార్కులు చూసి ఛాతీ ఉప్పొంగి, ఇలాంటి కాగితాలు నలిగిపోతే ఎలా అనుకుని... వీధి చివరి షాపుకి తీసుకెళ్లి అన్నిటికీ లామినేషన్ చేయించాను.

ఏం చేయమంటారు? మన పెంపకం అది. చేతికొచ్చిన సర్టిఫికెట్టుకి ప్లాస్టిక్ తొడిగితే తప్ప మనకి నిద్రపట్టదు.

మా ఆవిడ వచ్చి, తళతళలాడుతున్న ఆ కాగితాలని ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. "ఇవి మీరే చేయించారా?" అంది. అవునన్నాను గర్వంగా. ఆవిడ గట్టిగా అరిచినా బాగుండేది. కుర్చీలో కూలబడి, "బాగున్నాయి" అంది.

బోర్డువారు వాటిని చూడనుకూడా లేదు. చింపిన కవరు చెల్లదు, ప్లాస్టిక్ తొడిగిన కాగితం అసలే చెల్లదు. మళ్లీ మొదటినుంచి పంపించమన్నారు. ఈలోగా ప్రిన్సిపాల్ రిటైరైపోయింది. కొత్తావిడ సంతకం నమూనా బోర్డు దగ్గర లేదు. ఆ నమూనా తెప్పించుకోవడానికి ఇంకో ఫారం. అన్నీ ఒక కొలిక్కి వచ్చేసరికి పధ్నాలుగు నెలలు పట్టింది.

అప్పుడొచ్చింది అసలు ఉత్తరం. 'మీ పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అభినందనలు. అయితే గత మూడేళ్లలో మీరు నర్సుగా పనిచేసిన దాఖలా లేదు. కనుక దరఖాస్తు తిరస్కరించడమైనది. ఏదైనా ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసి మళ్లీ దరఖాస్తు చేసుకోగలరు. పనిచేయడానికి లైసెన్సు తప్పనిసరి.'

ఎంత తీరైన వాక్యాలు! ఎక్కడా ఒక్క సందు లేదు. లిఫ్టు తలుపులు కూడా ఇంత బాగా మూసుకోవు.

పోనీలే, నా సేవ నాకు మిగిలింది కదా అని లోలోపల మురిసిపోయాను. సరిగ్గా అప్పుడే నాకు కడుపునొప్పి వచ్చింది. మా ఆవిడ రెండు వేళ్లతో ఒక చోట నొక్కి, "అపెండిక్స్. చెప్పులేసుకోండి" అంది. ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్లూ, రెండు యంత్రాలూ, ఐదు గంటలూ కలిసి ఆ మాటే తేల్చారు. కోసి తీసేశారు.

మర్నాడు పొద్దున నేను వార్డులో ఉన్నాను. గోడ మీద పెద్ద నోటీసు: 'నర్సుల కొరత ఉన్నది. దయచేసి ఓపిక పట్టండి.' ఆ నోటీసు కింద విజిటర్ బిళ్ల మెడలో వేసుకుని, కుర్చీలో మా ఆవిడ. పద్దెనిమిది మంచాలకి ఒకే ఒక్క నర్సు, పాతికేళ్లు కూడా ఉండవు, నడవడం మానేసి పరుగులే పెడుతోంది. పక్క మంచం ముసలాయన సెలైన్ అయిపోయి యంత్రం కుయ్యోమంటోంది. ఆయన "నర్స్!" అని పిలిచాడు.

మా ఆవిడ లేచి నిలబడింది. ఎవరో వెనకనుంచి తోసినట్టు లేచింది. రెండడుగులు వేసి, మెడలో బిళ్ల చేతికి తగిలి, ఆగిపోయింది. వెనక్కొచ్చి కూర్చుంది. నా వైపు చూడలేదు.

మధ్యాహ్నం నన్ను ఇంటికి పంపేస్తామన్నారు. చూసుకోవడానికి మనుషుల్లేరు కాబట్టి ఇంట్లోనే కట్టు మార్చుకోవాలట. ఆ పిల్ల మా ఆవిణ్ణి పక్కన నిలబెట్టుకుని నేర్పింది. "ముందు చేతులు కడుక్కోవాలి. సబ్బుతో. ఇది గాజుగుడ్డ. ఇలా పట్టుకోవాలి. భయపడకండి, ఎవరైనా చేయగలరు." మా ఆవిడ బుద్ధిగా తలూపుతూ వింది. తర్వాత తను చేసి చూపించింది. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి, "మీ చెయ్యి చాలా బాగుంది, మేడమ్! మీరు నర్సింగ్ నేర్చుకోకూడదూ? మాకు మనుషులు కావాలి" అంది.

"ఆలోచిస్తానమ్మా" అంది మా ఆవిడ.

నాకు ఏడుపొచ్చింది. కుట్లు లాగుతున్నాయని అబద్ధమాడాను.

బస్సులో కిటికీ పక్క కూర్చుని మా ఆవిడ ఆసుపత్రి వైపే వెనక్కి తిరిగి చూస్తోంది. ఆ నర్సు మీద కోపమొచ్చిందేమో అనుకుని, "చిన్నపిల్ల, తెలియక అంది, పోనీలే" అన్నాను.

"అది కాదండీ. పొద్దుట్నించీ ఆ అమ్మాయి గుక్కెడు మంచినీళ్లు కూడా తాగలేదు, చూశారా? ఇంకొక్క మనిషి ఉంటే చాలండీ ఆ వార్డుకి."

బోర్డులోని పెద్దలారా! ఇంతసేపూ వరమనీ వైభోగమనీ కూసినవాణ్ణి నేనే. ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నాకొద్దీ వైభోగం. కవరు చింపిన పాపం నాది, శిక్ష నాకు వేయండి. నా లిఫ్టు కార్డు లాక్కోండి. మా ఆవిణ్ణి మాత్రం తీసుకోండి. ఏ వార్డయినా సరే, ఏ షిఫ్టయినా సరే, రేపు పొద్దున ఏడింటికల్లా మీ గుమ్మంలో దింపుతాను. ఆ పిల్ల కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగుతుంది.