షాకులకు సర్వీసింగ్ దండగ!

సైకిల్ షాకులకు సర్వీసింగ్ చేయించేవాడు సంఘద్రోహి! ఈ కాలమ్ ఆ మాట ఆషామాషీగా అనడం లేదు. రుజువుంది. ఆ రుజువు పేరు పంచాక్షరి. నారాయణఖేడ్ మార్కెట్‌లో కందిపప్పు వ్యాపారి, వయసు నలభై ఆరు.

డాక్టర్ రోజూ నడవమన్నాడు. పంచాక్షరి నడుస్తాడా? హైదరాబాద్ వెళ్లి, గుట్టల మీద నుంచి కిందికి దూకించే మౌంటెన్ బైక్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చాడు. ముందు చక్రానికి మెరిసే రాడ్ల ఫోర్కు, సీటు కింద ఇంకో షాకు. వాటి లోపల గాలి, ఆయిల్. రాయి తగిలితే కుంగాలి, కుంగింది కుదురుగా లేవాలి. వాటి ఉద్యోగం అంతే.

బస్ డిపో ఎదురుగా సైకిళ్లు బాగుచేసే నాసిర్ దగ్గరికి బండి తీసుకెళ్లాడు. నాసిర్ అడగకూడని ప్రశ్న అడిగాడు.

"సేట్, నీ బరువెంత? దాన్ని బట్టే షాకుల గాలి కొట్టాలె."

పక్కన భార్య సుమంగళ ఉంది. చుట్టూ నలుగురు గిరాకీలున్నారు. పంచాక్షరి పొట్ట లోపలికి లాక్కుని "డెబ్బై రెండు" అన్నాడు. అది ఆయన పెళ్లినాటి బరువు!

"గిది పెళ్లిచూపులు కాదు సేట్. అసలుది చెప్పు."

"చెప్పిన కదా! డెబ్బై రెండే."

నాసిర్ డెబ్బై రెండుకే గాలి కొట్టాడు. దాని మీద తొంభై నాలుగు ఎక్కి కూర్చుంది. షాకు సగానికి పైగా కుంగి అక్కడే ఉండిపోయింది. ఇక సిర్గాపూర్ దారిలో గుట్ట దిగుతుంటే కుంగడానికి చోటేది? ప్రతి రాయికీ 'ధన్!' మంటూ షాకు అడుగు తగిలింది. ఆ దెబ్బ తిన్నగా నడుముకు చేరింది. ఇందులో నష్టమేముంది చెప్పండి? మనిషి వెన్నులో ఎన్ని పూసలున్నాయో పంచాక్షరి ఒక్క ఆదివారంలో తెలుసుకున్నాడు. మెడికల్ కాలేజీలో అదే చదువుకు ఐదేళ్లు పడుతుంది!

ఫోర్కు కింద ఎర్ర నాబ్ ఒకటుంది. దానికి ఒకవైపు తాబేలు బొమ్మ, ఇంకోవైపు కుందేలు బొమ్మ. కుంగిన షాకు ఎంత వేగంగా లేవాలో చెప్పే నాబ్ అది. బండి ఎంత వేగంగా పోవాలో చెప్పేదని పంచాక్షరి అనుకున్నాడు. బుద్ధున్నవాడెవడైనా తాబేలు వైపు తిప్పుతాడా? చివరిదాకా కుందేలు వైపే తిప్పాడు. మరుసటి ఆదివారం ఫోర్కు ఒక్కసారిగా పైకి తన్నితే ఆయన హ్యాండిల్ మీదుగా తుమ్మపొదలో దిగాడు. మూడు రోజులు బోర్లా పడుకున్నాడు. వ్యాపారస్తుడికి అంత విశ్రాంతి ఇంకెవరిస్తారు?

తర్వాత దసరా వచ్చింది. ఆయుధపూజ! తల్లి కల్లమ్మ తరాజును కడిగింది, కొడుకు స్కూటర్‌ను కడిగింది, సైకిల్‌ను కూడా కడిగింది. మెరిసే ఆ రెండు రాడ్లను చూసి మురిసిపోయి, ఒక్కోదానికి నిండుగా మూడు విభూతి రేఖలు పెట్టింది. నడుమ కుంకుమ బొట్టు. పైనుంచి కొబ్బరినీళ్లు.

"సేట్, రాడ్లు ఎప్పటికప్పుడు తుడువు. బూడిదైనా దుమ్మైనా లోపల ఆయిల్ ఆపే సీళ్లను కోస్తది. నడుమనడుమ ఇప్పి ఆయిల్ మార్వాలె" అని నాసిర్ మూడుసార్లు చెప్పాడు.

దేవుడి విభూతిని తుడవడమా! ఎంత అపచారం! పంచాక్షరి ముట్టలేదు. నెల తిరిగేసరికి రాడ్ల పక్కనుంచి నల్లటి ఆయిల్ కారసాగింది. బండికి చెమట పడుతోందని, అంటే బాగా కష్టపడుతోందని ఆయన మార్కెట్‌లో అందరికీ చెప్పుకున్నాడు.

ఇంతవరకు సిద్ధాంతం బాగానే నడిచింది. దాన్ని పాడుచేసింది ఇంటర్ చదివే కూతురు శైలశ్రీ.

"అప్పా, కంగ్టి దిక్కు గుట్ట దిగుడు పోటీ ఉన్నది. ఆదివారమే. పేరిచ్చిన. నీ సైకిలే తీస్కపోత."

పంచాక్షరి తన నడుముకు తగిలిన ప్రతి 'ధన్'నూ, తుమ్మపొదలోని ప్రతి ముల్లునూ ఇప్పుడు కూతురి ఒంటిమీద ఊహించుకున్నాడు. ఆయనకు భయమేసింది. వద్దంటే వినే పిల్ల కాదు. మర్నాడు పొద్దున దుకాణం కూడా తెరవకుండా, పాత బనీను పట్టుకుని సైకిల్ ముందు కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నవ్‌రా! విభూతి తుడుస్తరా ఎవరన్న?" కల్లమ్మ కేకేసింది.

"పిల్ల ఎక్కుతదమ్మా."

కల్లమ్మ తన కొంగుతో రెండో రాడ్డు తుడిచింది.

నాసిర్ ఫోర్కు విప్పితే లోపల నల్లటి బురద. కొత్త సీళ్లు వేశాడు, కొత్త ఆయిల్ పోశాడు. బరువెంతని అడిగితే శైలశ్రీ వీధంతా వినిపించేలా "యాభై ఒకటి!" అంది. ఆ లెక్కన గాలి తగ్గించి, ఆమెను సీటు మీద కూర్చోబెట్టి, షాకు మూడోవంతు దిగేదాకా సరిచేశాడు. ఎర్ర నాబ్‌ను తాబేలు వైపు కొన్ని క్లిక్కులు తిప్పాడు. గల్లీ చివరి గుంతలో పదిసార్లు తొక్కించి చూసి, మళ్లీ రెండు క్లిక్కులు మార్చాడు.

ఆదివారం శైలశ్రీ గుట్ట దిగింది. బండి తన్నలేదు, అడుగు తగల్లేదు. చక్రాలు నేలను వదలకపోవడంతో బ్రేకు పట్టిన చోట పట్టింది, తిప్పిన చోట తిరిగింది. పద్నాలుగు మందిలో ఆరో స్థానం. పళ్లన్నీ పళ్ల స్థానంలోనే ఉన్నాయి. పంచాక్షరి ఆమె రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుని, కళ్లు తుడుచుకున్నాడు.

నిర్వాహకులు ఊరుకుంటారా? ఇంత గొప్ప బండి ఉన్న తండ్రిని స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. సైకిల్‌కు బంతిపూల దండ వేశారు. ఏ కంపెనీదని అడిగారు, ఎంతకు కొన్నావని అడిగారు. ఎవరు బాగుచేశారని మాత్రం ఒక్కరూ అడగలేదు. పంచాక్షరి చెబుదామని నోరు తెరిచేలోపు ఫొటోగ్రాఫర్ నవ్వమన్నాడు. నవ్వాడు. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. పోటీకి వెంట వచ్చి, బండి పడిపోకుండా పక్కనుంచి పట్టుకున్న నాసిర్‌ది ఒక్క చెయ్యి మాత్రమే అందులో పడింది.

అందుకే మళ్లీ చెబుతున్నాం, సర్వీసింగ్ చేయించకండి! చేయిస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే దండ ఎవరికి వేయాలో మనకు తెలియదు.