వెర్లాన్ గారి తాలూకు

శనివారం తెల్లవారుతూనే నోలన్ హెక్ట్ రెండు గేలాలు, ఎరకి వాడే ప్లాస్టిక్ వానపాముల డబ్బా ఒకటి కారులో పెట్టుకుని, ఈసారి బ్యాస్ చేప లేకుండా ఇంటికి రానని భార్యతో చెప్పాడు.

"రాకపోతే ఎక్కడుంటావో అదీ చెప్పి వెళ్లు," అంది ట్రిష, కాఫీ కలుపుకుంటూ.

ఆ ఎత్తిపొడుపులో న్యాయముంది. టైర్ల ఫ్యాక్టరీ వాళ్లు బదిలీ మీద ఎక్కడికి వెళ్తావని అడిగితే అలబామా కోరుకున్నది అతనే. అక్కడ బ్యాస్‌లు పసిపిల్లలంత ఉంటాయట అని ఊరించి, అక్కచెల్లెళ్లను వదిలి రానన్న ట్రిషను ఒహాయో నుంచి లాక్కొచ్చాడు. వసంతం వెళ్లిపోయింది, ఎండలు ముదిరాయి, అరచెయ్యి దాటిన చేప ఒక్కటీ పడలేదు. ఎవరిని అడిగినా, "అన్నిచోట్లా పడతాయండీ, అదృష్టం ఉండాలి," అని ఎంతో మర్యాదగా చెప్పి, టీ ఇచ్చి పంపేవారు.

అందుకని ఆ రోజు అడగడం మాని వెంబడించదలచుకున్నాడు. పెట్రోలు బంకులో ఒక ట్రక్కు, దాని వెనక ఆకుపచ్చ పడవ కనిపించాయి. పడవ నిండా గీతలు, ఎండిన బురద. పనిమంతుడి పడవని చూడగానే తెలిసిపోతోంది. ట్రక్కు పైన్ చెట్ల మధ్య మట్టిరోడ్డులోకి తిరిగి, తెరిచి ఉన్న గేటులోంచి లోపలికి పోయింది. నోలన్ కూడా పోయాడు.

లోపల పెద్ద చెరువు. ఒడ్డున బల్లలు, కాలుతున్న పందిమాంసం పొగ, పెళ్లికి వచ్చినంత జనం. టిడ్‌మోర్ వంశమంతా ఏడాదికోసారి కలుసుకునే రోజది.

"వెర్లాన్, ఐసేదీ?" అని ఎవరో అరిచారు.

"ముందు పడవ దించనీ!" అంటూ ట్రక్కాయన అవతలి ఒడ్డుకు సాగిపోయాడు.

నోలన్ వెనక్కి తిప్పుకుందామంటే అప్పటికే వెనక కార్లు బారులు తీరాయి. ఈలోగా ఒక ముసలమ్మ చేతికర్రతో కారు అద్దం మీద కొట్టింది. వంశంలో అందరికన్నా పెద్దావిడ, ఒఫీలియా పెద్దమ్మ. ఆవిడకు వినికిడి అంతంతమాత్రం.

"ఎవరి తాలూకు, నాయనా?"

నిజం చెబుదామనే నోలన్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే చెరువులో ఒక బ్యాస్ గాల్లోకి లేచి, ఒళ్లు విరుచుకుని, దబ్బున పడింది. అంత చేపను అతను ఫోటోల్లోనే చూశాడు.

"వెర్లాన్ గారి తాలూకండీ!" అన్నాడు గట్టిగా.

"ఆ ముక్కు చూడగానే అనుకున్నా. కొడుకువా?"

మేనల్లుడినంటే అమ్మ పేరు అడుగుతుంది. కొడుకునంటే ఇక అడగడానికి ఏముంటుందిలే అనుకుని తల ఊపాడు. వెర్లాన్ టిడ్‌మోర్‌కు డెబ్బై దగ్గరపడుతోందని, చర్చిలో పెద్దమనిషని, అసలు పెళ్లే చేసుకోలేదని పాపం అతనికెలా తెలుస్తుంది?

కంచం నిండా మాంసం వడ్డించి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఒక్కొక్కరే వచ్చి అతని ముక్కు చూసిపోతున్నారు.

"ఏ ఊరు, బాబూ?"

"ఒహాయో అండీ."

"వెర్లాన్ వైమానిక దళంలో ఉన్నదీ ఒహాయోలోనే!" అన్నాడొకాయన. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

"మీ అమ్మ... ఒక్కతే పెంచిందా నిన్ను?" అని ఒకావిడ మెల్లగా అడిగింది.

"దాదాపు అంతేనండీ. నాన్న ఇంట్లో ఉన్నదే తక్కువ," అన్నాడు నోలన్, జీవితమంతా లారీ తోలిన సొంత తండ్రిని తలుచుకుని. ఇద్దరు ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

కబురు డార్లీన్ దాకా వెళ్లింది. ఆవిడ భర్తను పోగొట్టుకున్న మనిషి. పదేళ్లుగా ప్రతి ఆదివారం వెర్లాన్ ఆమెను చర్చికి తీసుకెళ్లి, తిరిగి గుమ్మం దగ్గర దింపి, మర్యాదకి టోపీ ఎత్తి వెళ్లిపోతున్నాడు. డార్లీన్ చేతిలోని అరటిపండు పుడ్డింగు గిన్నె బల్ల మీద పెట్టి, తిన్నగా ఒడ్డుకు నడిచింది. వెర్లాన్ ఐసు మూటతో పడవ దిగుతున్నాడు.

"వెర్లాన్! నీ కొడుకొచ్చాడు."

"ఎవరి కొడుకు?"

"నీ కొడుకు. ఒహాయో కొడుకు."

ఐసు మూట నీళ్లలో పడింది. డార్లీన్ వేలు చూపిన బల్ల దగ్గరికి వచ్చి వెర్లాన్ నోలన్ ముక్కు వంక చూశాడు.

"బాబూ," అన్నాడు, "మీ అమ్మ పేరు... లొరెయిన్ కాదు కదా?"

అప్పటిదాకా నమ్మనివాళ్లు కూడా ఆ మాటతో నమ్మేశారు.

నోలన్ ఇక తట్టుకోలేకపోయాడు. "క్షమించండి! నేనెవరి కొడుకునీ కాదు! చేపల కోసం మీ పడవ వెంటపడి వచ్చాను, అంతే!"

"ఏమంటాడు?" అంది ఒఫీలియా పెద్దమ్మ. ఎవరో ఆమె చెవిలో అరిచి చెప్పారు. ఆవిడ నోలన్‌ను కావలించుకుని, "పిచ్చితండ్రీ! అన్యాయం చేసినవాడి పరువు కాపాడుతున్నావా?" అని భోరుమంది. ఆ తరవాత నిజం ఎన్నిసార్లు చెప్పినా అతని మంచితనం పెరిగిందే తప్ప లాభం లేకపోయింది.

డార్లీన్ మాత్రం వెర్లాన్ మీదినుంచి చూపు తిప్పలేదు. "ఎవరా లొరెయిన్?"

"ఎప్పటి మాటో... ఇద్దరం డాన్సుకి వెళ్లేవాళ్లం."

"డాన్సా? నువ్వా?" చెంప పగలగొడుతుందనుకుని జనం రెండడుగులు వెనక్కి వేశారు. "ఇన్నాళ్లూ నీకు చేతకాదనుకుని నోరు మూసుకుని ఊరుకున్నాను, వెర్లాన్ టిడ్‌మోర్! చేతనై కూడా టోపీ ఎత్తుతూ కూర్చున్నావా? సెప్టెంబరులో పెళ్లి. పాస్టరుతో నేనే మాట్లాడతాను."

ఆమె వెళ్లిపోయాక వెర్లాన్ నోలన్ చెయ్యి పట్టుకుని ట్రక్కు చాటుకు లాక్కెళ్లాడు.

"నా తప్పేనండీ. ఆమెకి నిజం మళ్లీ చెప్పొస్తాను," అన్నాడు నోలన్.

"చెప్పావంటే ఈ చెరువులోనే ముంచేస్తాను! ఆ ఒక్క మాట అడగాలని పదేళ్లుగా అద్దం ముందు సాధన చేస్తున్నాను. అద్దం ముందే సరిగ్గా రావడం లేదు." వెర్లాన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ పడిపోయిన చెట్టుంది చూడు, దాని నీడలో. ఎర అడుగుదాకా దిగనిచ్చి నెమ్మదిగా లాగు. ఎప్పుడు కావాలంటే అప్పుడు రా. ఎవరైనా అడిగితే నాన్న రమ్మన్నాడని చెప్పు."

ఆ సాయంత్రం నోలన్ రెండు చేతులా ఎత్తుకుని తెచ్చిన చేపను చూసి ట్రిష కుర్చీలోంచి లేచి నిలబడింది. జరిగిందంతా విన్నాక మళ్లీ కూర్చుంది.

"అయితే పెళ్లికి నేనేమవుతాను?"

"పెద్దకోడలివి. కేకు నువ్వే చెయ్యాలట."

సెప్టెంబరులో పెళ్లి ఘనంగా జరిగింది. మొదటి వరసలో కూర్చున్న నోలన్ ముక్కును బంధువులంతా మరోసారి తృప్తిగా చూసుకున్నారు. ఒహాయోలో ఉన్న అతని తల్లికి మాత్రం, అలబామాలో తనకెంత పేరొచ్చిందో ఇంకా ఎవరూ చెప్పలేదు.