ఏడో నంబరు గది పట్టభద్రులు

నేరాన్ని లాఠీతో కాదు, గ్రంథంతో కొట్టాలని ఫిజీ జైళ్ల మంత్రిగారు సువాలో ప్రకటించారు. మర్నాడే ఆర్డరు వచ్చింది. ప్రతి వార్డరూ యూనివర్సిటీలో నేరశాస్త్రం, సమాజశాస్త్రం చదివి ఏడాదిలో పాసవ్వాలి. తప్పినవాళ్లకి నెలకొక్క పడవ వెళ్లే దీవికి బదిలీ. ఇంతటి దూరదృష్టికి వార్డర్లంతా చప్పట్లు కొట్టారు. కొట్టమని ఆర్డర్లో ఉంది.

సెమెసాకి యాభై నాలుగేళ్లు. పెరట్లో కర్రపెండలం, ఇంట్లో అయిదుగురు మనవలు. దీవికి పోయే ఓపిక లేదు. బుద్ధిగా క్లాసుకెళ్లాడు. 'మనిషి దొంగ ఎందుకవుతాడు?' అని మొదటి వ్యాసం. 'చేతివాటం వల్ల' అని రాశాడు. మూలాధారం లేదని లెక్చరరమ్మ సున్నా పెట్టింది.

మూలాధారం ఏడో నంబరు గదిలో ఉంది. పేరు విలికేసా. పదకొండు పడవ మోటార్లు ఎత్తుకెళ్లినవాడు. వాళ్ల ఊరికీ సెమెసా ఊరికీ తాతలనాటి నుంచి బావల వరస. ఎంత మాటన్నా కోపం రాకూడదు.

"ముప్పై ఏళ్లుగా దొంగల్ని కాస్తున్నావు, ఒక్క ముక్కయినా ఒంటబట్టలేదా బావా? నీకంటే ఆ తాళంకప్ప నయం!" అని విలికేసా కాగితం లాక్కుని ఆరు పేజీలు రాసిచ్చాడు.

"ఇంత లోతైన అవగాహన! ఎక్కడ దొరికింది?" అని లెక్చరరమ్మ ఎర్రసిరాతో అడిగింది. సెమెసా నిజాయితీపరుడు. 'ఏడో నంబరు గదిలో' అని కింద రాశాడు.

నెల తిరిగేసరికి ఆ గది ముందు యూనిఫారాలు క్యూ కట్టాయి. సూపరింటెండెంటు గారు బెంచీ వేయించారు. ఈ జైలు చదువుల్లో దేశానికే ఆదర్శమని పేపర్లో పడింది.

అంతలో ఉపద్రవం ముంచుకొచ్చింది. సత్ప్రవర్తన వల్ల విలికేసాకి శిక్ష తగ్గి, శుక్రవారం విడుదల. 'శిక్ష వల్ల మనిషి మారతాడా?' అనే ఆఖరి వ్యాసం అలాగే ఉంది.

సెమెసా దంచి నీళ్లలో కలుపుకు తాగే యంగోనా వేళ్ల కట్ట తెచ్చి, గచ్చు మీద బాసింపట్టు వేసుకుని, మూడుసార్లు చప్పట్లు చరిచి ముందు పెట్టాడు. ఆ కట్ట ఒంటికి తగిలిందా, ఇక అడిగింది కాదనకూడదు. ఫిజీలో రాజ్యాంగాలు మారాయి గాని ఇది మారలేదు.

"తీసెయ్ బావా, ఇంటి దగ్గర కప్పు కారుతోంది," అన్నాడు విలికేసా. కాని ఆ వాసన తగిలి రెండేళ్లయింది. చెయ్యి దానంతటదే కట్ట మీదికి వెళ్లింది.

"నా పెన్ను కాజేశావని రిపోర్టు రాస్తాను. నెల పొడిగిస్తారు," అన్నాడు సెమెసా.

"పదకొండు మోటార్లవాణ్ణి పట్టుకుని పెన్నంటావా? పరువు తీస్తావేం? సూపరింటెండెంటు గారి పడవ మోటారని రాయి."

"ఆయనకి పడవే లేదు గదా!"

"అయితే పెన్నే రాసి ఏడువు."

సెమెసా ఫస్టుక్లాసులో పాసయ్యాడు. పట్టాలివ్వడానికి మంత్రిగారే వచ్చి, శిక్ష వల్ల మనిషి మారతాడనడానికి ఈ జైలే సాక్ష్యమని గద్గద స్వరంతో అన్నారు.

ఆ సాయంత్రమే, పొడిగించిన నెల తీరి, విలికేసా సంచీ భుజాన వేసుకుని గేటు దాటాడు. బయట మంత్రిగారి సెక్రటరీ టై సర్దుకుని, కంకరలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు యంగోనా కట్ట. సెమెసా తెచ్చినదానికి నాలుగింతలుంది.

విలికేసా గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఎవరికి?"

సెక్రటరీ అటూ ఇటూ చూశాడు. "సారు కూడా ఆ చదువులో చేరారు. పన్నెండు వ్యాసాలు." మూడుసార్లు చప్పట్లు చరిచి, కట్టని మెల్లగా జరిపి విలికేసా పాదం మీద పెట్టాడు.

సెమెసా గేటు రిజిస్టరు తెరిచి పెన్ను మూత తీశాడు.

"ఈసారి ఏం పోయిందని రాయను బావా?"