గోవిందప్పకు సున్నా మార్కులు

మనిషి మనసులో ఏముందో తెలుసుకోవాలంటే ఆ మనిషితో మాట్లాడవలసిన అవసరం బొత్తిగా లేదు. నలభై ప్రశ్నల ఫారం ఒకటి, రాసే పెన్ను ఒకటి ఉంటే చాలు!

నవ్వకండి. వెనకటికి ఎదుటివాడి బాధ తెలియాలంటే వాడి అరుగు మీద కూర్చోవాలి. వాళ్లిచ్చిన టీ తాగాలి. వాన సంగతి, మేకల సంగతి, అల్లుడి సంగతి అన్నీ అయ్యాక అసలు సంగతి వస్తుందేమోనని కాచుకోవాలి. ఒక్కోసారి అదీ రాదు, మళ్లీ రేపు పోవాలి. ఎంత టైము వేస్టు! ఇప్పుడు మనిషికి పన్నెండు నిమిషాలు. టిక్కులు పెట్టడం, కూడటం, లేచిపోవడం. ఇంత మేలు చేసిన ఫారాన్ని ఆడిపోసుకుంటే కళ్లు పోతాయి.

ఈ మేలు మొదట బాగా అర్థమై, తర్వాత బొత్తిగా అర్థం కాకుండా పోయిన ఒక అమ్మాయి ఉంది. పేరు త్రివేణి. ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె. తండ్రి గోవిందప్ప వేరుశనగ రైతు. అంటే 2003 నాటికి వరసగా మూడేళ్లు ఆకాశం వైపు చూసి మెడ పట్టేసిన మనిషి.

త్రివేణి ఇంటర్లో బైపీసీ, డిగ్రీలో బీజడ్‌సీ. మన దగ్గర బయాలజీ చదివినవాళ్లు రెండు రకాలు: డాక్టర్లయినవాళ్లు, డాక్టర్లు కాలేకపోయినవాళ్లు. రెండుసార్లు ఎంసెట్ రాసి ఆమె రెండో రకంలో స్థిరపడింది. ఆ తర్వాత అనంతపురంలో ఒక కాలేజీలో ఎమ్మెస్సీ సైకాలజీ సీటొస్తే చేరింది. కాలేజీ పేరు చెప్పను, వాళ్లకు కోపాలెక్కువ.

మొదటి ఏడాది గడిచింది. రెండో ఏడాదికి స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. న్యూరో, క్లినికల్, కౌన్సెలింగ్, ఇండస్ట్రియల్. జూన్ రెండో సోమవారం లోపల ఒకదానికి టిక్కు పెట్టి ఇవ్వాలి.

తల్లి ఓబమ్మ సలహా ఒక్కటే: "ఏది తొందరగా అయిపోతాదో అది తీసుకో." ఎదురింటి గంగక్క నిద్రమాత్రలు రాసిచ్చే చదువు ఏదైనా ఉంటే తీసుకోమంది. డిపార్టుమెంటులో పెద్దమనిషి సురేంద్ర సార్ మాత్రం తేల్చి చెప్పాడు.

"బయాలజీ వాళ్లకు న్యూరో తప్ప ఇంకోటి ఎందుకమ్మా? మెదడు నీకు తెలిసిన వస్తువు. మిగతావన్నీ కబుర్లు."

ఎంత చక్కటి మాట! ఫార్మలిన్ సీసాలో ఉన్న మెదడును మించిన పేషెంటు లోకంలో ఉన్నాడా? పెట్టిన చోట ఉంటుంది. అబద్ధమాడదు. మధ్యలో లేచి మేకలు తోలుకురావడానికి పోదు. కప్ప కపాలంలోని నరాలు ఒక్కటి తెగకుండా బయటికి తీసి చూపిన త్రివేణికి కూడా న్యూరో అంటేనే మనసు. టిక్కు పెట్టడమే తరువాయి.

ఈలోగా వేసవి ఫీల్డ్‌వర్క్ వచ్చిపడింది. కరువు పల్లెల్లో మానసిక ఒత్తిడి ఎంతుందో కొలవాలి. మనిషికో ఫారం, అరవై ఫారాలు. ఒక్కో ప్రశ్నకు 'ఎప్పుడూ లేదు' అంటే సున్నా, 'ఎల్లప్పుడూ' అంటే నాలుగు. మొత్తం నూట అరవై. మార్కులు పెరిగేకొద్దీ జబ్బు ముదిరినట్టు. సార్ అందరినీ సొంత ఊళ్లకే పొమ్మన్నాడు.

ఫారం ఏదో చలిదేశంలో పుట్టి, మధ్యలో ఎవరి చేతుల్లోనో పడి తెలుగైంది. పన్నెండో ప్రశ్న: "వారాంతపు సెలవులు సైతం మీకు తగినంత విశ్రాంతిని ఇవ్వలేకపోతున్నాయా?"

గోవిందప్ప పక్క చేను పుల్లన్న శ్రద్ధగా విన్నాడు. "మూడేండ్ల నుంచి సెలవులే గదమ్మా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: "దేనికి టిక్కు పెడితే వస్తాది?"

"ఏమొస్తుంది పుల్లన్నా?"

"ఏదో ఒగటి. ఊరకే రాస్కుంటారా?"

ఇక్కడ ఊరి వాళ్లను తప్పుపట్టకూడదు. ఆ జిల్లాలో కాగితం, పెన్ను పట్టుకుని వచ్చిన ప్రతివాడూ లిస్టు రాసుకుపోయేవాడే. నిరుడు పశువుల మేత లిస్టుకు వచ్చినప్పుడు "ఫర్వాలేదు సార్, ఎట్లో నెట్టుకొస్తాండాం" అన్న మర్యాదస్తులకు గడ్డిపోచ దక్కలేదు. ఒకసారి మర్యాదకు పోయి మోసపోయిన ఊరు రెండోసారి పోతుందా?

మధ్యాహ్నానికి 'ఎల్లప్పుడూ' అంటే నాలుగు మార్కులని ఊరంతా పాకిపోయింది. ఇక చూడండి! గురక వీధి చివరికి వినపడే గంగక్క రెప్ప మూసి మూడేళ్లయిందని చెప్పింది. "ఆకలి మందగించిందా?" అని అడిగితే పుల్లన్న నోట్లో ముద్ద మింగి "ఎల్లప్పుడూ" అన్నాడు. రెండు రోజుల్లో యాభై తొమ్మిది ఫారాలు నిండాయి. యాభై తొమ్మిదీ తీవ్రం.

అరవయ్యో ఫారం తండ్రిది. పొద్దువాలే వేళ గోవిందప్ప పంచలో కూర్చున్నాడు, త్రివేణి ఎదురుగా కూర్చుంది.

"నిద్ర పట్టడం లేదా నాయనా?"

"పడతాదమ్మా."

"బతుకు బరువనిపిస్తాదా?"

"లేదు. రాసుకో."

నలభై ప్రశ్నలకూ 'లేదు' అనే జవాబు. సున్నా! ఊరంతా లిస్టులోకి ఎగబడుతుంటే తన తండ్రి ఒక్కడే ఏ ఆశా లేకుండా నిజం చెప్పాడని త్రివేణి పొంగిపోయింది. బయాలజీ, సైకాలజీ రెండూ చదివిన పిల్ల! ఆ సున్నాను రెండుసార్లు దిద్ది మరీ గుండ్రంగా రాసింది.

మర్నాడు గోడ వైపు చూస్తే విత్తనాలు వేసే గొర్రు లేదు.

"గొర్రు యాడ నాయనా?"

"పుల్లన్నకిచ్చినా."

"బదులా?"

"బదులు గాదు, నువ్వే పెట్టుకోమన్యా. మనకెందుకులేమ్మా."

మేకపిల్ల కూడా కనబడలేదు. దాన్ని గంగక్కకిచ్చాడట. విత్తనం పడే నెల ముందు గొర్రు ఇచ్చేసే రైతు ఉంటాడా? త్రివేణి గబగబా ఇంట్లోకి పోయింది. ఫారం తీసి నలభై ప్రశ్నలూ మళ్లీ చదివింది. గొర్రు గురించి అందులో ఏమీ లేదు.

ఆమె పెన్ను సంచిలో పడేసింది. పంచలో ఓబమ్మ విత్తనం కాయలు వలుస్తోంది. విత్తనానికైతే పై పొర చిట్లకుండా చేత్తోనే వలవాలి. రోజుల తరబడి పని. కళ్లు కాయ మీద ఉంటాయి, ఎవరి మొహం ఎవరూ చూడరు. త్రివేణి తండ్రిని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది.

మొదటి రోజు వాన సంగతి వచ్చింది. రెండో రోజు మేకల సంగతి. మూడో రోజు మధ్యాహ్నం గోవిందప్ప ఒక కాయ చిదిపి, గింజలు చాటలో వేసి చెప్పాడు.

"బాయి గట్టున రెండుమార్లు కూచున్యానమ్మా."

ఓబమ్మ చెయ్యి ఆగింది. తను ఆగితే ఆయనా ఆగుతాడని తోచిందేమో, వెంటనే ఇంకో కాయ అందుకుంది. త్రివేణి కూడా వలుస్తూనే అడిగింది.

"మళ్లా ఎట్ల లేసినావు నాయనా?"

"మొదటిసారి ఎనుము మేతకు అరిసింది. రెండోసారి నీ బస్సొచ్చే యాళయింది."

"మొన్న నేనడిగితే అన్నీ లేదంటివే."

"నీ చేత్తో నువ్వు రాసే కాగితంలో నీ నాయన ఇట్లుండాడని యాడ రాపిచ్చేది?"

పొద్దుగూకే దాకా ఆయన చెబుతూనే ఉన్నాడు. త్రివేణి దగ్గర నలభై ప్రశ్నలున్నాయి, ఒక్కటీ వాడలేదు. మర్నాడు మొదటి బస్సుకు తండ్రిని అనంతపురం తీసుకుపోయి డాక్టరుకు చూపించింది. మాత్రలిచ్చారు. ఊళ్లో ఆ పాడుబడ్డ బావికి అడ్డంగా ఓబమ్మ ముళ్లకంప వేయించింది.

సురేంద్ర సార్ ఫారాలు చూసి మురిసిపోయాడు. యాభై తొమ్మిది తీవ్రం, ఒకటి సున్నా! "కరువుకు చెక్కుచెదరని రైతు" అని ఆ సున్నా మీద ఇంగ్లీషులో పేపరు రాసి సెమినార్లో చదివి శాలువా కప్పించుకున్నాడు.

"సార్, ఆ సున్నా తప్పు. ఆయన మా నాన్న," అంది త్రివేణి.

"అందుకే సొంత మనుషుల దగ్గర డేటా తీసుకోకూడదమ్మా, మనసు కలుగజేసుకుంటుంది. అంకె అబద్ధమాడదు."

జూన్ రెండో సోమవారం ఆమె కౌన్సెలింగుకు టిక్కు పెట్టి ఇచ్చింది. సార్ తల పట్టుకున్నాడు.

"బయాలజీ అంతా వేస్టు చేసుకుంటున్నావు. కౌన్సెలింగులో ఏముందమ్మా? ఊరికే కూర్చోవడమే కదా."

"అవును సార్. అదే నాకింకా సరిగ్గా రాదు," అంది.

జూలై చివర్లో నాలుగు చినుకులు పడ్డాయి. ఒక ఆదివారం త్రివేణి బస్సు దిగేసరికి తండ్రి కేకలు రోడ్డు దాకా వినబడుతున్నాయి. గొర్రు తిరిగి ఇమ్మని పుల్లన్న మీద పడ్డాడు. ఇచ్చింది మళ్లీ అడిగేదేమప్పా అని పుల్లన్న. తాతల నాటి గట్టు తగాదా కూడా బయటికొచ్చింది. రెండు రోజులుగా ఆ కోపంతో గోవిందప్పకు నిద్ర లేదు, రెండు పూటలు అన్నం తినలేదు, ఓబమ్మను కసిరాడు. వీధి మధ్యలో నిలబడి వింటూ త్రివేణి కళ్లు తుడుచుకుంది. ఆమెకు ఏ ఏడాదీ అంత సంతోషం కలగలేదు.

సంచిలో మిగిలిన ఫారం ఒకటుంటే ఇంటికొచ్చి తమాషాకు కూడి చూసింది. నిద్రలేమి నాలుగు, చిరాకు నాలుగు, ఇరుగుపొరుగుతో గొడవ నాలుగు. అన్నీ కలిపి నూట ఇరవై దాటింది. సార్ టేబుల్ ప్రకారం, చెక్కుచెదరని రైతు కాస్తా తీవ్రమైన రోగి అయిపోయాడు!

అయినా నేను మాట వెనక్కి తీసుకోను. ఫారం మేలైనదే. ఒక్క చిన్న అనుమానం. ఒకే ఊళ్లో యాభై తొమ్మిది మంది తీవ్రంగా బాధపడుతున్నారని అంకె చెప్పింది, అంకె అబద్ధమాడదు కదా? మరి శాలువా కప్పుకున్నవాళ్లలో ఒక్కరైనా ఆ ఊరికి ఎందుకు పరుగెత్తలేదు?

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడితే గంగక్క మేకలు తోలుకుంటూ ఎదురొచ్చింది.

"మా లిస్టు యాడిదాకా వచ్చింది త్రివేణీ?"

"లిస్టు లేదు గంగక్కా. అది లిస్టు కాదు."

"మరి నిద్ర రాలేదంటే రాసుకొని పోతివే."

"నిజంగా రాదా?"

గంగక్క మేకలను పక్కకు తోలి రోడ్డు వారన కూలబడింది. "నిద్ర బాగానే వస్తాదమ్మా. లేసినంకే, ఏం జేయల్లో తెలీదు."

బస్సు వచ్చి ఆగింది. త్రివేణి కండక్టరుకు పొమ్మని చెయ్యి ఊపి, సంచి కింద పెట్టి గంగక్క పక్కన కూర్చుంది.