కొలత ప్యాంటు

సోమవారం పొద్దున్న ఆ ఇంట్లో ఎవరి పని ఎప్పుడో ముందే నిర్ణయమై ఉంటుంది. ఏడింటికి కూతురి స్నానం. ఏడుంబావుకి తల్లి కుట్టుమిషన్ మీది గుడ్డ తీసి దులపడం. ఏడున్నరకి తండ్రి కొలత ప్యాంటు తొడుక్కోవడం.

తండ్రి లారీల కాటా దగ్గర గుమాస్తా. సరుకుతో వచ్చిన లారీని ఒకసారి, సరుకు దించాక ఖాళీ లారీని ఇంకోసారి తూచి, తేడా చీటీ మీద రాసివ్వడం ఆయన పని. అందరూ కాటాయన అనే పిలుస్తారు. ఇరవై ఏళ్ళుగా కాటాల వేషాలన్నీ చూసినవాడు కాబట్టి ఇంట్లో తూకం మిషన్ అడుగుపెట్టనివ్వలేదు.

"కాటా కింద చిన్న గులకరాయి ఇరుక్కుంటే చాలు, అబద్ధం చెప్పేస్తుంది. గుడ్డ చెప్పదు," అనేవాడు.

అందుకే ఆసుపత్రిలో డాక్టరమ్మ దగ్గర తొంభై ఎనిమిది నించి డెబ్భై ఆరు కిలోలకి దిగిన రోజున, దర్జీపని చేసే భార్య చేత ముప్ఫై నాలుగు అంగుళాల నడుముతో బూడిదరంగు ప్యాంటు కుట్టించుకున్నాడు. వారానికోసారి తొడుక్కుని గుండీ పెడతాడు. పడితే ఆ వారం గెలిచినట్టు.

ఇరవై రెండు కిలోలు దించడానికి తొమ్మిది నెలలు పట్టింది. తోటి గుమాస్తాలు బిస్కెట్ల పొట్లం విప్పుతుంటే ఆయన లేచి వెళ్ళి ఖాళీ లారీల చక్రాలు లెక్కపెట్టేవాడట. ఆ పట్టుదల చూసి భార్య లోలోపల దణ్ణం పెట్టుకునేది. పైకి మాత్రం, "ఆ చొక్కా ఇంకా బిగించాలి, ఇటు తిరగండి," అనేది.

ఆమె భయం ఆమెది. కాటాయన అన్నగారు ఒకప్పటి ఈయన బరువుతోనే, యాభై మూడో ఏట, గుండె ఆగి వెళ్ళిపోయాడు. బావగారి కోసం ఆమె కుట్టిన చొక్కా, కాజాలు కూడా పూర్తయినది, మిషన్ వెనక కొక్కేనికి ఇంకా వేలాడుతూనే ఉంది. కాటాయనకి ఈ ఏడు యాభై మూడు. అంతకుముందు రెండుసార్లు ఆయన ఒళ్ళు తగ్గించాడు. రెండుసార్లూ రెండు కిలోలు తిరిగి రాగానే, "ఇంక నావల్ల కాదు," అని చేతులెత్తేసి, మిగతా కిలోలన్నిటికీ తానే తలుపు తీశాడు.

కాబట్టి, నాలుగు నెలలు సాఫీగా నడిచాక ఆ సోమవారం గుండీ కాజా దాకా రాకపోయేసరికి, అద్దం ముందున్న ఆయన మొహం కన్నా అలమర పక్కనున్న ఆమె మొహం ఎక్కువ పాలిపోయింది.

"అయిపోయింది. మళ్ళీ మొదలు," అన్నాడాయన మంచం మీద కూలబడి.

"ఏం కాలేదు! నిన్న తడిపాను కదా, గుడ్డ ముడుచుకుంది. ఇటివ్వండి, ఇస్త్రీ పెట్టి సాగదీస్తాను," అని ప్యాంటు లాక్కుని వెళ్ళింది.

పది నిమిషాల్లో వెనక కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డలోంచి అర అంగుళం బయటికి తీసి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి తెచ్చింది. గుండీ పడింది.

"చూశావా? తప్పు గుడ్డదే!" అన్నాడు కాటాయన. ఆ ఆనందంలో రెండు బిస్కెట్లు తిన్నాడు. 

ఒక్క వారం ఊపిరి పీల్చుకోనిద్దామనుకుందామె. కానీ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, ఎందుకైనా మంచిదని ఇంకో అర అంగుళం వదిలింది. గుండీ హాయిగా పడింది. కాటాయన ఆ ఉత్సాహంలో కనబడిన ప్రతి డ్రైవరుకీ తన నడుము గురించి చెప్పాడు. వాళ్ళలో ఒకాయన డాక్టరమ్మకి చెప్పాడు. డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"తగ్గినవాళ్ళు నా దగ్గర బోలెడుమంది ఉన్నారండీ. నిలబెట్టుకున్నవాళ్ళే వేళ్ళ మీద లెక్క. నెలన్నరలో ఆసుపత్రిలో సమావేశం పెడుతున్నాం, మీరొచ్చి మాట్లాడాలి. ఆ ప్యాంటు వేసుకునే రండి."

"తప్పకుండా!" అన్నాడు కాటాయన. భార్య చేతిలోని కత్తెర కింద పడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నిజం చెప్పేద్దామనుకుంది. ఆయన అప్పటికే కాగితం మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. "మొదటి మాట ఏం రాశానో విను," అని చదివాడు. "గుడ్డని నమ్మండి." ఆమె కంచాలు తీయడానికి లేచింది.

ఆ పైవారం నించి కాటాయన తీరు మారింది. కంచంలో సగం వదిలేసి లేచిపోతున్నాడు.

"నాన్నకి ఆకలి లేదా?" అంది కూతురు.

"ఇంట్లో తినట్లేదంటే బయట తింటున్నారన్నమాటే," అంది తల్లి కళ్ళు తుడుచుకుంటూ.

సాయంత్రం ఆయన గంట ఆలస్యంగా వస్తున్నాడు. అడిగితే, "లారీలు ఎక్కువ," అంటాడు. కాటా ఆఫీసుకీ ఇంటికీ మధ్య మూడు బేకరీలున్నాయని ఆమెకి గుర్తు. పైగా సోమవారం పొద్దున్న తొడుక్కున్నప్పుడల్లా ప్యాంటు నడుము దగ్గర డప్పులా బిగిసి ఉంటోంది. పొట్ట ముందుకి పొడుచుకొస్తోంది. గుండీ పెట్టి ఆయన నవ్వుతాడు. ఆదివారం రాగానే ఆమె మళ్ళీ కుట్టు విప్పుతుంది. లోపలి గుడ్డ అయిపోయింది. మిగిలిన ముక్కలు వెతికి వెనక అతుకు వేసింది. పై వారానికి ఆ అతుకూ బిగుతైంది. దాని పక్కన ఇంకోటి వేసింది.

ఇవి చాలవన్నట్టు ఇంట్లో తువ్వాళ్ళు మాయమవుతున్నాయి. ముందు చేతులు తుడుచుకునేది, తర్వాత మధ్యస్తంది, చివరికి పెద్ద స్నానపు తువ్వాలు.

"ఎక్కడ పారేస్తున్నావే?" అని కూతుర్ని కేకలేసింది.

"నేను తువ్వాళ్ళు తింటానా అమ్మా? దేనితో తుడుచుకోవాలో తెలీక నిన్న దుప్పటితో తుడుచుకున్నాను!"

సమావేశం జరిగే శుక్రవారం రానే వచ్చింది. ఆసుపత్రి హాల్లో అరవై కుర్చీలు. వేదిక మీద ఒక పక్క పెద్ద తెర, ఇంకో పక్క తూకం మిషన్. ఆ మిషన్ చూడగానే భార్య లెక్క వేసుకుంది. చూడబోతే ప్యాంటు నడుము ముప్ఫై తొమ్మిదికి చేరింది, ఈయన నలుగురిలో పరువు పోగొట్టుకోబోతున్నాడు. ఆ తర్వాత చేతులెత్తేస్తాడు. ఆ తర్వాత... కొక్కేనికి వేలాడే చొక్కా కళ్ళ ముందు ఊగింది.

డాక్టరమ్మ లేచి మాట్లాడింది. "మళ్ళీ లావైనవాళ్ళని చూసి బద్ధకం అనకండి. బరువు తగ్గేసరికి మన ఒంటికి కరువొచ్చిందని భయం పట్టుకుంటుంది. ఆకలి పెంచుతుంది, పొదుపు మొదలుపెడుతుంది. ఇదివరకటి కంటే తక్కువ తిండితోనే రోజు గడిపేస్తుంది. పోయిన బరువు తిరిగొస్తుందని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంది. తగ్గడానికి కొన్ని నెలల పట్టుదల చాలు. నిలబెట్టుకోవడం రోజూ పొద్దున్నే కొత్తగా మొదలెట్టాల్సిన పని."

వెళ్ళిపోయినదాని కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో భార్యకి ఒకరు చెప్పక్కర్లేదు. మొదటిసారి ఆమెకి భర్త ఒంటి మీద కూడా కాస్త జాలి కలిగింది.

"ఇప్పుడు మన కాటాయనగారు మిషన్ ఎక్కుతారు. బెల్టు తీసేయండి సార్."

ఆయన బెల్టు తీసి ఎక్కాడు. అంకెలు అటూ ఇటూ ఊగి ఎనభై దగ్గర నిలిచాయి. "ఏడాది దాటాక కూడా ఎనభయ్యే!" అంది డాక్టరమ్మ. హాలంతా చప్పట్లు. బతికిపోయాం అనుకుంది భార్య.

కాటాయన మాత్రం దిగలేదు. మొహం చిట్లించాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క తప్పుడు చీటీ రాయని మనిషి.

"ఆగండి. ఇది లోడు తూకం," అన్నాడు.

చొక్కా పైకెత్తి, నడుములోంచి చేతులు తుడుచుకునే తువ్వాలు లాగి డాక్టరమ్మకిచ్చాడు. తర్వాత మధ్యస్తంది. తర్వాత, చాలాసేపు లాగి, స్నానపు తువ్వాలు. ఒక చేత్తో జారిపోతున్న ప్యాంటుని పట్టుకుని, "ఇప్పుడు చూడండి, ఖాళీ బండి," అన్నాడు.

డెబ్భై ఎనిమిదిన్నర.

భార్య ఎప్పుడు వేదిక ఎక్కిందో ఆమెకే తెలీదు. "ఏవండీ, ఏంటిది?"

"మూడో సోమవారం నా చొక్కా అంచుకి నీ సుద్ద అంటింది. ప్యాంటు తిరగేసి చూస్తే పాత కుట్టు చుక్కలు వరసగా కనబడ్డాయి. మందుల షాపులో మిషన్ ఎక్కాను. ఎనభై రెండు! ఆ రోజు నించి నడిచే ఇంటికొస్తున్నా."

"మరి నాతో చెప్పలేదేం?"

"దొరికిపోయానని నువ్వు సిగ్గుపడతావని. ప్యాంటు వదులైతే నీకు తెలిసిపోతుందని తువ్వాలు పెట్టా. నువ్వు ఇంకా వదిలావు. నేను ఇంకోటి పెట్టా."

"అది పొట్ట అనుకుని వదిలానండీ!"

"నాకేం తెలుసు? ప్రతి సోమవారం ఇంకా వదులవుతుంటే, నా భార్యకి నా మీద ఇంత నమ్మకం లేదా అని కుళ్ళిపోయా." ఆయన గొంతు తగ్గించాడు. "ఈసారి చేతులెత్తేయలేదు. చూశావుగా?"

ఆమె చూసింది. ఒక చెయ్యి ప్యాంటు పట్టుకుని ఉంది కాబట్టి ఎత్తడానికి వీల్లేదు కూడా.

ముందు వరసలోంచి కూతురు లేచింది. "అయితే ఆ తువ్వాళ్ళ దొంగ నేను కాదన్నమాట!"

హాలంతా గొల్లుమంది. డాక్టరమ్మ తువ్వాళ్ళు గుండెలకి హత్తుకుని, నవ్వాపుకుంటూ అంది. "నిలబెట్టుకోవడం అంటే అసలు పెరగకపోవడం కాదండీ. పెరిగిందని తెలిసిన రోజే మళ్ళీ నడవడం. ఈయన చేసింది అదే."

ఉపన్యాసం కాగితం కాటాయన జేబులోనే ఉండిపోయింది. 

ఆదివారం భార్య అతుకులన్నీ విప్పి, ప్యాంటుని ముప్ఫై అయిదుకి బిగించింది. "ఆ ఒక్క అంగుళం నిజం. అది మీ పూచీ," అంది. కత్తెర ఆయన చేతికిచ్చేసింది. సోమవారం ఏడున్నరకి ఆయన ఊపిరి బిగపట్టకుండానే గుండీ పెట్టాడు. పడింది.

ఆమె మెచ్చుకోలుగా తలూపి, అలమర తెరిచి, తువ్వాళ్ళు లెక్కపెట్టుకుంది.